మధ్యాహ్నం చేరిన మనిషి

పోయిన మంగళవారం బీదర్ పక్క కమఠాణలో, ఆయన ఊళ్ళోనే, ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాం. పాస్టరు గారు చేతిలో చిన్న కాగితం పట్టుకుని, ఆయన ఎవరి కొడుకో, ఎక్కడ చదివారో చెప్పి, "ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసిన మన సహోదరుడు" అని చదివారు. నా వెనకాల మా ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా అమ్మాయి నిలబడి ఉంది. ముందుకు వంగి నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"సార్, ఆయన గుమాస్తగనే రిటైరయ్యిండు గద?"

"సూపరింటెండెంటే అమ్మా. ఏడేండ్లు నేను ఆయన కింద పనిచేసిన."

ఆ అమ్మాయి నా మొహం వంక చూసింది. ఆ ఏడేళ్ళూ మా సెక్షన్‌కి సూపరింటెండెంటుని నేనేనని, ఆయన నా కింద గుమాస్తా అని ఆఫీసులో ఎవర్ని అడిగినా చెబుతారు. అయినా నేను అబద్ధం చెప్పలేదు. దానికి ఆర్డరు ఉంది, ఆర్డరుకి నంబరు ఉంది. ఆయన రిటైరైన రెండేళ్ళకు వచ్చిన ఆ ఆర్డరు, ఆయనకు ఏడేళ్ళ సర్వీసు మిగిలి ఉన్నప్పటి తారీకు నుంచి పదోన్నతి ఇచ్చింది. అంటే సర్కారు లెక్కలో ఆ కుర్చీ ఆయనది. మరి ఆ ఏడేళ్ళు నేనెక్కడ కూర్చున్నానో ఆర్డరులో రాయలేదు, నేనూ అడగలేదు.

ఆయన పేరు రాయను. తన పేరు కాగితం మీద చూసుకోవాలని ఆయనకు ఎప్పుడూ ఉండేది కాదు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటు గురించే ఇదంతా.

మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నేను బీదర్ టౌనువాణ్ణి కాబట్టి పొద్దున పదింటికల్లా తల దువ్వుకుని వెళ్ళి, చేరినట్టు కాగితం రాసిచ్చి, ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన అప్పటికి ఔరాద్‌లో ఒక బడిలో పంతులుగా చేస్తుండేవారు. ఔరాద్ నుంచి వచ్చే బస్సు దారిలో టైరు పంక్చరై ఆగిపోయిందట. ఒంటిగంట దాటాక చెమటతో, ఎర్రమట్టి పట్టిన చెప్పులతో లోపలికి వచ్చారు. వయసులో నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అప్పటి హెడ్ క్లర్కు మంచివాడు. "అందరూ పూర్వాహ్నం చేరిన్రు, నువ్వు గూడ గట్లనే రాసెయ్యి, ఎవరు చూస్తరు" అన్నాడు.

ఆయన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, దాన్ని చూసి, "ఒంటిగంట ఇరవై అయ్యింది సార్. పొద్దుగాల వచ్చినట్టు ఎట్ల రాయాలె?" అన్నారు.

అపరాహ్నం అని రాశారు. నాకు నవ్వొచ్చింది. ఎంత అమాయకుడు, అనుకున్నాను. ఆ ఒక్క మాట ఆయన్ని నా కిందకి తెస్తుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

గడియారం విప్పే అలవాటు చివరిదాకా పోలేదు. కాగితం మీద తారీకు వెయ్యాలంటే ముందు గడియారం విప్పి బల్ల మీద పెట్టాలి, తర్వాత గోడ మీది క్యాలెండరు చూడాలి, తర్వాతే కలం. ఐదు నిమిషాల క్రితం ఇంకో కాగితం మీద అదే తారీకు వేసినా సరే, మళ్ళీ తలెత్తి క్యాలెండరు చూసేవారు. మా ప్యూను మహబూబ్ భాయ్‌కి ఇది పెద్ద తమాషా. "క్యా సాబ్, తారీక్ భాగ్ గయీ క్యా?" అని, తారీకేమైనా పారిపోయిందా అని వెక్కిరించేవాడు. ఆయన నవ్వి, చూసే వేసేవారు.

ఆయన టపాలు సీటులో ఉండేవారు. బయటినుంచి వచ్చే ప్రతి కాగితమూ ముందు ఆయన చేతిలో పడి, రిజిస్టరులో ఎక్కి, నంబరు వేయించుకుని గాని ఇంకో బల్ల దగ్గరికి పోదు. "నోటి మాటకు నంబరు పడదు" అనేవారు. ఎవరొచ్చి ఎంత గోడు చెప్పుకున్నా అంతా విని చివరకు అదే మాట. కటువుగా కాదు, డాక్టరు మందు రాసిచ్చినట్టు అనేవారు. ఒకసారి ఔరాద్ వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. కొడుకు పోయాడు, అతని ఉద్యోగం కోడలికి ఇప్పించమని మూడోసారి రావడం. అంతకు ముందు రెండుసార్లూ నోటితోనే చెప్పి వెళ్ళింది, అంతా "చూస్తం లే" అన్నారు. ఆయన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, "అమ్మా, నోటి మాటకు నంబరు పడదే" అని, తన కాగితం మీద తనే అర్జీ రాసి, ఆమె వేలిముద్ర వేయించి, నంబరు వేసి, ఆ నంబరు చిన్న చీటీ మీద రాసి ఆమె కొంగుకు ముడి వేసుకోమని ఇచ్చారు. ఆమె ఆ ముడిని ఎన్నిసార్లు తడిమి చూసుకుందో.

మధ్యాహ్నం టిఫిను డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర. కమఠాణ నుంచి పాత మోపెడ్ మీద వచ్చేవారు. కలాలు రెండు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. ఎవరికీ అరువిచ్చేవారు కాదు. సొరుగులో ఎరుపంచు తెల్ల తువ్వాలు ఒకటి మడతపెట్టి ఉండేది. దానితో చెమట తుడుచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అది దేనికో తర్వాత తెలిసింది.

చేరిన పధ్నాలుగేళ్ళకు మా వరసల జాబితా చిత్తుప్రతి తయారైంది. పదోన్నతులు ఇవ్వాలంటే ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చే జాబితా అది. ఎంపికైనప్పటి వరసలో ఆయన నాకంటే నాలుగు పేర్లు పైన ఉన్నారు. లెక్క ప్రకారం ఆ వరసే ఉండాలి. కానీ ఆ జాబితా రాసిన పుణ్యాత్ముడెవరో చేరిన వేళ చూసి రాశాడు. నేను పూర్వాహ్నం, ఆయన అపరాహ్నం. నేను పైకి, ఆయన కిందకి. అభ్యంతరం ఉన్నవాళ్ళు నెల రోజుల్లో రాసివ్వాలని సర్క్యులరు వచ్చింది.

ఆయన రాశారు. అందరికంటే ముందే రాసి పెట్టుకున్నారు. కానీ అభ్యంతరాలు తీసుకునే సీటు ఆయనదే! తన కాగితానికి తనే నంబరు వేసుకోవాలి. జిల్లా అంతటినుంచీ రోజూ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని రావడం, ఆయన "ముందు వాళ్ళయి కానీ" అని తన కాగితాన్ని పేపర్ వెయిట్ కింద పెట్టడం. చివరి రోజు మరీ మేళాలా జనం. హుల్సూర్ వాళ్ళు ఒక జీపు మాట్లాడుకుని వచ్చారు. వరుసగా అందరివీ తీసుకుని, నంబర్లు వేసి, రసీదులు ఇచ్చి తలెత్తేసరికి ఆఫీసు వేళ దాటి అరగంట. అప్పుడు తన కాగితం తీశారు. గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. నేనూ మహబూబ్ భాయ్ పక్కనే ఉన్నాం.

"అరె సాబ్, ఆజ్‌కాచ్ నంబర్ డాల్ దేవ్ నా" అన్నాడు మహబూబ్ భాయ్. ఈ రోజు నంబరే వేసెయ్యమని.

"టైం అయిపోయింది గద మహబూబ్ భాయ్. హుల్సూర్ నుంచి ఇంకొకడు ఇప్పుడొస్తే తీసుకుంటనా? తీసుకోను. మరి నాది ఎట్ల తీసుకోవాలె?"

మరునాడు పొద్దున మొదటి నంబరు దానికి వేశారు, మరునాటి తారీకుతో. ఒక్క రోజు ఆలస్యమైందని పైవాళ్ళు దాన్ని తిరస్కరించారు. ఇలాంటి తప్పు మా ఆఫీసు మొత్తంలో ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఆ రోజు నేను "నువ్వు ముందుగాల వేసుకో అన్నా" అని ఒక్క మాట అనుంటే ఎలా ఉండేదో. అనలేదు. ఆయన నంబరు పడితే నేను కిందికి పోతానని తెలిసి అనలేదా, తోచక అనలేదా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

ఐదేళ్ళు గడిచాక నాకు పదోన్నతి వచ్చింది.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. కొత్తగా పదోన్నతి వచ్చినవాడు తనంతట తాను పోయి కుర్చీలో కూర్చోకూడదు. ఆఫీసులో అందరికంటే వయసున్న గుమాస్తా ఆ కుర్చీని తువ్వాలుతో తుడిచి, చేయి పట్టుకుని కూర్చోబెట్టాలి. ఆ రోజు ఆయన సొరుగు తెరిచి ఎరుపంచు తువ్వాలు తీశారు. కుర్చీ వీపు, చేతులు, నాలుగు కాళ్ళు కూడా తుడిచి, "కూసో తమ్ముడూ" అని నన్ను కూర్చోబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, పేడాలు పంచారు. తువ్వాలు మడతపెట్టుకుంటూ ఆయన, "నేను టపాలు తెస్త సార్" అన్నారు.

అంతే, ఆ క్షణం నుంచి సార్. గడప లోపల సార్, గడప బయట తమ్ముడు. చాయ్ తాగడానికి కలిసి లేచేవాళ్ళం. గది లోపల "పోదమా సార్" అనేవారు, గడప దాటగానే "తమ్ముడూ, చక్కెర తక్వ చెప్పనా" అనేవారు. తిరిగొచ్చేటప్పుడు గడప మీద కాలు పెడుతూ మాట మధ్యలోనే మార్చేసేవారు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. "అన్నా, నన్ను సార్ అనకు" అని చాయ్ హోటల్లో బతిమాలాను. "నిన్ను అంటలేను తమ్ముడూ, కుర్చీని అంటున్న" అన్నారు. తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే బాగానే ఉండేది.

ఆయన ఊరికే కూర్చోలేదు. అప్పీలు మీద అప్పీలు రాస్తూ ఉన్నారు. ఆయనకు కావలసింది ఏమిటో మా అందరికీ తెలుసు. ఒక్క రోజైనా సరే, సర్వీసులో ఉండగా సూపరింటెండెంటుగా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఒకసారి చాయ్ దగ్గర ఆయనే చెప్పారు.

"తమ్ముడూ, ఇన్నేండ్ల సంది అందరి కాగితాలకు నంబర్లేసిన. సంతకానికి మాత్రం ఇంకొకరి దగ్గరికి పంపుడే. ఒక్క కాగితం మీద నేనే రాసి, నేనే సంతకం పెట్టి, ఇగ ఇది అయిపోయింది అని అనాలె. గంతే."

నాలుగో ఏట ఆ అప్పీలు తిరిగి తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. ఇద్దరిలో ఎవరి పేరు ముందుండాలో పాత ఎంపిక జాబితా చూసి ధృవీకరించి పంపమని, సెక్షన్ సూపరింటెండెంటుకు. అంటే నాకు. ఫైలు నా బల్ల మీద పెట్టింది ఆయనే. నంబరు వేసి, వరసలో ఎక్కడ రావాలో అక్కడ, అడుగున పెట్టారు.

చదవడానికి పది నిమిషాలు, రాయడానికి ఇంకో పది. జాబితా అలమారలోనే ఉంది. ఆయన పేరు పైన ఉంది, నాది కింద ఉంది, అందులో వాదన ఏమీ లేదు. కానీ ఆ కుర్చీ ఒక్కటే. ఆయన వస్తే నేను లేవాలి. అప్పట్లో ఖాళీగా ఉన్న కుర్చీ హుల్సూర్‌లో ఉంది. నా బిడ్డ పదో తరగతి. వాళ్ళమ్మకు ఒంట్లో బాగుండదు. ఇవన్నీ కారణాలే. కానీ వాటి కింద ఇంకొకటి ఉంది, ఆ సార్ అనే పిలుపు నాకు అలవాటైపోయింది.

ఫైలు పక్కన పెట్టాను.

మా సెక్షన్‌లో ఇంకో పద్ధతి ఉండేది, అది ఆయన పెట్టిందే. ప్రతి సోమవారం పొద్దున బల్ల మీది ఫైళ్ళు దులిపి, అన్నిటికంటే పాతది పైకి వచ్చేట్టు సర్దడం. మూడు నెలల పాటు ఆ ఫైలు అడుగునో మధ్యలోనో ఉండేది, ఎందుకంటే దానికంటే పాతవి ఉన్నాయి. అవి ఒక్కొక్కటే తెగిపోయాక ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే ఆ ఫైలు అన్నిటికంటే పైన ఉంది. నేను దాన్ని సాయంత్రానికి అడుక్కి తోశాను. మళ్ళీ సోమవారం పైన. మళ్ళీ అడుక్కి. ఇలా నాలుగు నెలలు. ఆ ఫైలు గురించి ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. గడప బయట తమ్ముడు, చాయ్, చక్కెర తక్కువ, అంతా మామూలే.

ఒక సోమవారం నాకు తిక్క రేగింది. ఇంట్లో ఏదో గొడవ పడి వచ్చాను. బల్ల మీద ఆ ఫైలు చూడగానే అందరి ముందూ అరిచాను.

"ఈ ఫైలు మాటిమాటికి పైన పెడుతున్నది ఎవరు?"

ఆయన టపాలు సీటులోంచి లేచి నిలబడ్డారు. "నేనే సార్."

"ఎందుకు?"

"సోమారం సోమారం పాతది పైకి తీస్త సార్. అన్ని ఫైళ్ళు గట్లనే తీస్త. ఇప్పుడు గదే పాతది."

నా చెవులు వేడెక్కాయి. ఆయన ఒక్క క్షణం ఆగి, నేనింకేమీ అననని తేలాక కూర్చుని, గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, క్యాలెండరు చూసి, ఏదో కాగితం మీద తారీకు వేసుకున్నారు.

బిడ్డ పదో తరగతి పరీక్షలు శుక్రవారంతో అయిపోయాయి. సోమవారం నేను ఆ ఫైలు మీద సంతకం పెట్టాను. రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన ఫైలు తీసుకుని, నా సంతకం కింది తారీకు చూసి, అదే రోజు పంపేశారు. వచ్చి "పోయింది సార్" అన్నారు. పదోన్నతుల కమిటీ అంతకు ముందు నెలలోనే కూర్చుని లేచిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆ కమిటీ మళ్ళీ మూడేళ్ళకు గాని కూర్చోలేదు. అప్పటికి ఆయన రిటైరై కమఠాణలో ఉన్నారు.

ఫైలు పంపిన రోజు సాయంత్రం చాయ్ దగ్గర, కప్పు సాసర్లో వంచుకుంటూ అడిగారు.

"తమ్ముడూ, బిడ్డ పరీక్షలు మంచిగ రాసిందా?"

నేను తలూపాను. చాయ్ సగంలోనే పెట్టేసి డబ్బులివ్వడానికి లేచాను.

రిటైరైన రోజు శాలువా కప్పాం, ఫోటో దిగాం. ఉపన్యాసాల్లో అందరూ ఆయన్ని నిజాయితీపరుడన్నారు. నేనూ అన్నాను. ఆయన సొరుగు ఖాళీ చేసుకున్నారు గానీ తువ్వాలు అక్కడే వదిలేశారు. "ఆఫీసుది అది, నాది కాదు" అన్నారు మహబూబ్ భాయ్‌తో.

ఆ ఆర్డరు వచ్చిన రోజు దాన్ని ఆయన సర్వీసు పుస్తకంలో ఎక్కించే పని నాదే అయింది. పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో ఆయన పది వేళ్ళ ముద్రలు, ఎడమ చెంప మీద మచ్చ అని గుర్తు. తర్వాత ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే మొదటి నమోదులోనే అపరాహ్నం అన్న మాట. దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పింఛను కొద్దిగా పెరుగుతుంది, పాత బాకీలేమీ రావు, ఆర్డరులో అలాగే ఉంది. వాటి మీద ఆయనకు ఆశ ఉండేదని నేను అనుకోను. నమోదు రాసి, ధృవీకరిస్తూ సంతకం పెట్టి, ఆర్డరు కాపీ తీసుకుని, తువ్వాలు సంచీలో పెట్టుకుని, చౌబారా దగ్గర పేడాలు కట్టించుకుని కమఠాణ పోయాను.

షుగరు కిడ్నీల దాకా వచ్చింది ఆయనకు. మంచం మీద కూర్చుని ఉన్నారు, కాళ్ళు వాచి ఉన్నాయి. వదిన గుమ్మంలో నిలబడి, "ఏందయ్యా, ఆఫీసు సంచి తెచ్చినవ్?" అంది. ఆర్డరు ఆయన చేతిలో పెట్టాను. మొదట అద్దాలు పెట్టుకున్నారు. తర్వాత వదులైపోయిన గడియారం విప్పి దిండు మీద పెట్టారు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టి చదివారు. చదివి తల పైకెత్తి, పళ్ళు కనబడేలా నవ్వారు.

"పూర్వాహ్నం నుంచి అని రాసిన్రు తమ్ముడూ. ఈసారి బస్సు టైముకు వచ్చినట్టుంది."

నేను వాకిట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ లోపలికి తెచ్చి, సంచీలోంచి తువ్వాలు తీశాను. ఆయన చూసి నవ్వు ఆపేశారు.

"ఇది సర్కారు కుర్చీ కాదు గద."

"ఆర్డరు సర్కారుదే గదన్నా. లే."

వీపు తుడిచాను, చేతులు తుడిచాను, నాలుగు కాళ్ళూ తుడిచాను. ఆయన వదిన భుజం పట్టుకుని లేచి, నా చేయి పట్టుకుని కూర్చున్నారు. నిటారుగా కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆయన అనలేదు.

అప్పుడు నా లోపల ఇన్నేళ్ళుగా ఉన్నది బయటికి వచ్చింది. "అన్నా, ఆ ఫైలు... ఏడు నెలలు నా బల్ల మీద..."

చేయెత్తి ఆపేశారు. "నోటి మాటకు నంబరు పడదు."

వదినతో కాగితం తెప్పించారు. తన నీలం కలం నాకు ఇచ్చారు. జీవితంలో మొదటిసారి! "సంజాయిషీ రాయి. ఏడు నెలలు ఎందుకు పెట్టుకున్నవో రాయి."

కింద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని రాశాను. ఇన్నేళ్ళ అలవాటు, చేయి దానంతటదే పరుగెత్తింది. పని ఒత్తిడి కారణంగా సదరు ఫైలు పరిశీలనలో జాప్యం జరిగినదని, మన్నించ ప్రార్థన అని. ఇచ్చాను. ఆయన చదివి, ఎరుపు కలం తీసి అడ్డంగా ఒక గీత గీసి వెనక్కి ఇచ్చారు.

"ఇది కాదు. మల్ల రాయి."

ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు. గట్టిగా లేదు, కానీ దానికి తిరుగు లేదు. ఆయన ఆ కుర్చీలో కూర్చుని ఉంటే మా సెక్షన్ ఎలా ఉండేదో నాకు ఆ నాలుగు మాటల్లో తెలిసింది.

రెండో కాగితం మీద నిజం రాశాను. హుల్సూర్ బదిలీ అవుతుందని భయపడ్డాను, బిడ్డ చదువు అడ్డం పెట్టుకున్నాను, కుర్చీ వదలబుద్ధి కాలేదు, మీ పేరు పైన ఉందని తెలిసే ఆపాను. రాస్తుంటే అక్షరాలు కనబడలేదు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వదిన లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ కాగితం నెమ్మదిగా చదివి, నాలుగు మడతలు పెట్టి, దిండు దగ్గరి బైబిలు పక్కన పెట్టుకున్నారు.

"దీని మీద ఏం రాసేది తర్వాత రాస్త. పో, పొద్దుగూకుతుంది. బండి మెల్లగ నడుపు."

"వస్త సార్" అన్నాను. నా నోటి నుంచి ఆయనకు ఆ మాట అదే మొదటిసారి. గడప దాటాక వెనక నుంచి "పైలం తమ్ముడూ" అని వినిపించింది.

నాలుగు నెలలకే ఈ కబురు వచ్చింది.

సమాధి మీద మట్టి పోసి అందరూ కదిలాక వదిన నన్ను పక్కకు పిలిచింది. పాత ఆఫీసు కవరు ఒకటి చేతిలో పెట్టింది. "ఆఖరి వారం మంచం మీద కూసోని రాసిండయ్యా. కుర్చీ తెమ్మన్నడు, కూసోలేకపోయిండు. నంబరేసిన, వానికి ఇయ్యి అన్నడు" అంది.

ఇంటికొచ్చి విప్పాను. నా సంజాయిషీయే. ఎడమ వైపు పైన, టపాలు రిజిస్టరులో ఎక్కించినట్టు, నంబరు ఒకటి. కింద మా ఆఫీసు భాష కన్నడంలో, వణికినా గుండ్రంగానే ఉన్న ఆ చేతిరాతతో రెండు వాక్యాలు. "వివరణ చూశాను, నిజమే రాశాడు. ఫైలు ఇంతటితో ముగించడమైనది." దాని కింద సంతకం. సంతకం కింద సూపరింటెండెంట్ అని హోదా.

ఆ కింద తారీకు కోసం గీత గీసి ఉంది. గీత మీద ఏమీ లేదు. పాత తారీకు వేస్తే అబద్ధం, ఆ రోజుది వేస్తే, రిటైరైన ఆయన ఆ కుర్చీలో లేరు. మంచం మీద కూర్చుని, గడియారం విప్పి దిండు మీద పెట్టుకుని, గోడ మీది క్యాలెండరు వంక ఎంతసేపు చూసి ఉంటారో ఆలోచించి ఏడ్చాను.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన తారీకు వెయ్యకుండా వదిలేసిన కాగితం ఇదొక్కటే.